ఈల ముందా, భుజం ముందా

వీధిలో స్కూటరు హారను మళ్ళీ మోగింది. ఈసారి పొడుగ్గా.

"అదిగో, పిలుస్తోంది," అంది అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి.

"పిలిచేది నన్ను కాదత్తయ్యా. వెనకసీటుని," అంది కోడలు.

ఆ వెనకసీటు కదిలే సూచనలేవీ కనబడటం లేదు. ముందుగదిలో ముక్కాలిపీట మీద కూర్చుని, ఒక బూటు తొడుక్కుని, రెండోది ఒళ్ళో పెట్టుకుని, దాని లేసు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది.

"నేను రానని చెప్పండి."

"నువ్వే చెప్పు తల్లీ. మీ ఇద్దరి మధ్యా కబుర్లు మోసి మోసి నా కాళ్ళు పడిపోతున్నాయి. అదేమో పెదవి విప్పదు. నువ్వేమో బూటు విప్పవు, తొడగవు. కన్నకూతురూ కోడలూ ఒకే బడిలో డ్రిల్లు టీచర్లయితే ఇంట్లో పోరు ఉండదన్నారు. ఎవరన్నారో గానీ, వాళ్ళని ఒక్కరోజు ఇక్కడ కూర్చోబెట్టాలి."

కోడలి భర్త సగం గడ్డం గీసుకుని, మిగతా సగానికి నురగతో పెరట్లోంచి వచ్చాడు. ఆయనకి కళ్ళజోళ్ళ దుకాణం. రోజంతా జనాన్ని కూర్చోబెట్టి, ఈ అద్దంలో బాగుందా, ఆ అద్దంలో బాగుందా అని అడగడమే ఆయన పని. ఇంటికొచ్చినా ఆ అలవాటు పోదు.

"ఏమోయ్, వెళితే బాగుంటుందా, వెళ్ళకపోతే బాగుంటుందా? ఏదో ఒకటి చెప్పు. అక్క ఎండలో నిలబడి ఉంది."

"మీ అక్కగారు నా మెడలో ఈల ఎందుకు వేశారో చెప్పండి. అప్పుడు చెబుతాను."

"నాకేం తెలుసు? అక్క అలా చేసిందంటే ఏదో కారణం ఉండే ఉంటుంది."

"ఉంటుంది. మీ అక్కగారికి కారణం లేకుండా తుమ్ము కూడా రాదు. ఆ కారణమేంటో చెప్పమంటున్నాను."

"నువ్వు పైకి రావాలని ఇచ్చిందే," అంది అత్తగారు. "దానికి నువ్వంటే ప్రాణం." ఒక్క క్షణం ఆగి, అంతలోనే, "అయినా చిన్నప్పట్నించీ దానికి కాస్త కుళ్ళు ఎక్కువే అనుకో," అని కూడా అంది.

"అమ్మా! ప్రాణమా, కుళ్ళా? ఒకటి చెప్పు."

"రెండూ ఉండకూడదేమిట్రా? అయినా కోడలుపిల్లా, ఆ కాలికి తొడుక్కున్న బూటు ఏ కాలిది?"

కోడలు కిందికి చూసుకుంది. కుడికాలికి ఎడమ బూటు.

అంతే. అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా బయటికొచ్చేసింది. బూటు ఒళ్ళో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

మామూలు మనిషి బూట్లు తారుమారు చేసుకుంటే నవ్వేసి ఊరుకుంటారు. డ్రిల్లు టీచరు సంగతి అలా కాదు. అందులోనూ ఈవిడ సంగతి. పిల్లలకి ఎదురుగా నిలబడి చూపించేవాళ్ళు పిల్లల కుడికి తమ ఎడమ చెయ్యి ఎత్తాలి. అప్పుడే వెనకవరుసలో ఉన్న చిన్నది కూడా తికమక పడకుండా చూసింది చూసినట్టు చేస్తుంది. ఏళ్ళ తరబడి ఆ పనే చేసి చేసి, ఇంట్లో కుడి అంటే ఎడమ చెయ్యి లేచే స్థితికి వచ్చేసింది కోడలు. భోజనాల దగ్గర కుడిపక్కనున్న గిన్నె అడిగితే ఎడమపక్కది అందుతుంది. ఇంట్లో అందరూ దానికి నవ్వుకునేవాళ్ళు. ఆవిడా నవ్వుకునేది. బళ్ళో పిల్లలు ఆవిడకి అద్దం మేడమ్ అని పేరు పెట్టారు. పక్కన నిలబడి ఈల ఊది, కుడి, ఎడమ, ముందుకు, వెనక్కి అని గొంతెత్తి చెప్పే వదినగారు ఈల మేడమ్. ఒకరు నోరు, ఒకరు ఒళ్ళు. ఇద్దరూ కలిస్తే ఒక టీచరు. ఆ తరగతి చూడటానికి పక్క బళ్ళనించి కూడా వచ్చేవాళ్ళు.

మొన్న అలాగే వచ్చారు. నాలుగైదు బళ్ళ డ్రిల్లు టీచర్లు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. అందులో టోపీ పెట్టుకున్న ఒకాయన లేచి, "మీ ఇద్దరిలో పాఠం చెప్పేది ఎవరండీ? సాయం చేసేది ఎవరు?" అని మర్యాదగానే అడిగాడు.

వదిన మెడలోంచి ఈల తీసింది. మరదలి మెడలో వేసింది. వెళ్ళి ఆ కుర్చీల్లో తనూ ఒకర్తెగా కూర్చుంది.

ఆ తర్వాత జరిగినది తలుచుకుంటేనే కోడలికి ఒళ్ళు మండుతుంది, సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది. ఈల నోట్లో పెట్టుకుని, ఈల మోగితే మొదలెడదామని ఎదురుచూసింది! తన నోట్లో ఉన్న ఈల కోసమే! ఎలాగో ఊదాక, నోరు కుడి అంది, చెయ్యి అలవాటుగా ఎడమది లేచింది, అంతలో నోటి మాటకి చెయ్యి భయపడి మధ్యలో మారిపోయింది. మాట విన్న పిల్లలు ఇటు, చెయ్యి చూసిన పిల్లలు అటు. రెండు వరుసలు ఢీకొన్నాయి. ఎవరి మోచెయ్యో ఎవరి ముక్కుకో తగిలింది. కుర్చీల్లో వాళ్ళు చప్పట్లు కొట్టారు. నవ్వినా బాగుండేది.

నిన్న హెడ్మాస్టారు పిలిచి చెప్పేశారు. ఒక్క తరగతికి ఇద్దరు టీచర్లెందుకని పైవాళ్ళు అడుగుతున్నారట. మైదానానికి ఒక్కరే చాలట. పెద్ద మేడమ్ ఉంటారు. చిన్న మేడమ్ గ్రంథాలయం చూసుకోవాలి. "నీడపట్టు ఉద్యోగమమ్మా, హాయిగా కుర్చీలో కూర్చోవచ్చు. ఇవాళా రేపూ ఆలోచించుకోండి. రేపు సాయంత్రం డ్రిల్లయ్యాక తాళంచెవి తీసుకోండి," అన్నారు. ఆలోచించుకోమన్నారే గానీ, తాళంచెవి అప్పటికే బల్ల మీద తీసి పెట్టారు.

ఆ రేపు ఇవాళే.

"కుర్చీలో కూర్చోవడం మంచిదేగా?" అన్నాడు భర్త, నురగ ఆరిపోతున్న చెంపతో. "నేను రోజంతా కూర్చునే చేస్తున్నాను."

"మీకేం తెలుసండీ!" అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ. "డ్రిల్లయిపోయాక, ఆగండి అనగానే, అంత మైదానమూ ఒక్కసారి ఊపిరి వదులుతుంది. అంతమంది పిల్లలు, ఒక్క ఊపిరి. అది విన్నాక నాకింకేమీ అక్కర్లేదనిపిస్తుంది. ఆ కుర్చీ నేనేం చేసుకోను? నాకు మైదానం కావాలి."

"మరి అక్కకో? పెళ్ళి వద్దంది, మరేదీ వద్దంది. తన కాపురమంతా ఆ మైదానంతోనే కదే."

హారను మళ్ళీ మోగింది. అత్తగారు వంగి, కోడలి కాలి బూటు లాగి, రెండోది చేతికిచ్చింది.

"వెళ్ళు. ఏడుపు దార్లో కూడా ఏడవచ్చు."

*

వదిన హెల్మెటు తియ్యలేదు. గుడ్ మార్నింగూ లేదు, ఆలస్యమైందేం అనీ లేదు. మరదలు ఎక్కి కూర్చోగానే బండి కదిలింది.

వీళ్ళ బండికి ఒక పద్ధతుంది. ఇండికేటరు ఎప్పుడో పాడైపోయింది. బాగు చేయించుకునే తీరిక ఇద్దరిలో ఎవరికీ దొరకలేదు. మలుపు వచ్చినప్పుడల్లా వెనక కూర్చున్నావిడ చెయ్యి చాపుతుంది, ముందున్నావిడ తిప్పుతుంది. ఏళ్ళుగా ఇంతే. ఊళ్ళో ఈ ఒక్క బండికే ప్రాణమున్న ఇండికేటరు అని భర్త ఎగతాళి చేస్తుంటాడు.

మందుల దుకాణం దాటారు. బట్టలు ఇస్త్రీ చేసే బడ్డీ దాటారు. వదిన వీపు నిటారుగా, గోడలా ఉంది. ఆ వీపునే చూస్తూ మరదలు మనసులో వెయ్యి మాటలు కూర్చుకుంది. నన్ను నలుగురిలో నవ్వులపాలు చెయ్యాలనే చేశారా? నా దారి నన్ను చూసుకోమనా? నేనేం తప్పు చేశాను? ఏ మాట ముందు అనాలో తేలలేదు. నాలుగు రోడ్ల కూడలి వచ్చింది. అలవాటుగా చెయ్యి చాపింది.

బండి సర్రున తిరిగింది. రెండు ఇళ్ళు దాటింది. ఆగిపోయింది.

ఎదురుగా గోడ. సందు అక్కడితో సరి. ఒక పక్క మూసేసిన దర్జీ కొట్టు, ఇంకో పక్క మేడ మీంచి ఆరేసిన దుప్పట్లు.

"ఇదేంటి? ఇటు తిప్పారేం?" అంది మరదలు. రెండ్రోజుల తర్వాత వదినతో ఆమె మాట్లాడిన మొదటి మాట అది.

"నువ్వే కదా చెయ్యి చూపించావు!"

"తప్పు చూపించాను వదినా. ఏదో ఆలోచిస్తూ అటుది చాపేశాను. అయితే మాత్రం? మీకు బడికి దారి తెలీదా?"

వదిన ఇంజను ఆపింది. హెల్మెటు తీసింది. లోపల జుట్టంతా చెమటకి అతుక్కుపోయి ఉంది. ఆవిడ ముఖం చూసి మరదలు కంగారు పడింది. తప్పిపోయిన చిన్నపిల్ల ముఖంలా ఉంది.

"తెలుసు," అంది వదిన. "ఎందుకు తెలీదు. కానీ నీ చెయ్యి అటు లేచింది. నేను అటే తిప్పాను. ఆలోచించలేదు."

"వదినా..."

"నువ్వు అడగాలనుకుంటున్నది అదే కదా, మొన్న ఈల ఎందుకు వేశానని? ఇదే. ఆ టోపీ ఆయన, చెప్పేదెవరు, సాయం చేసేదెవరు అన్నాడు. నేను చెప్పేదాన్ని అని నోటిదాకా వచ్చింది. బయటికి రాలేదు. అసలు నేను ఈల ఎప్పుడు ఊదుతానో తెలుసా నీకు?"

"ఎప్పుడు?"

"నీ భుజం కదిలినప్పుడు. నువ్వు చెయ్యి ఎత్తే ముందు నీ భుజం రవ్వంత లేస్తుంది. అది చూసి ఊదుతాను. అది చూసే కుడి అంటాను, ఎడమ అంటాను. అంతా నువ్వే చేస్తున్నావు. నేను పక్కన నిలబడి అరుస్తున్నానంతే. అందుకని ఈల నీకిచ్చేశాను. న్యాయంగా నీదే కదా అని."



"అదేం మాట వదినా! మీరు ఊదితే కదా నా భుజం కదిలేది!"

"ఏంటీ?"

"మీ ఈల వినబడగానే కదులుతాను. నేనేమీ ఆలోచించను. ముందు ఏ చెయ్యో, తర్వాత ఏ చెయ్యో నాకు తెలీదు. మీ గొంతు వింటే ఒళ్ళు దానంతటదే చేసేస్తుంది. మొన్న మీ గొంతు లేదు, అందుకే కాళ్ళూ చేతులూ ఆడలేదు. నేను ఇంతకాలం మీరు ఆడించినట్టు ఆడుతున్నానే అని కుమిలిపోతున్నాను!"

"నేను ఊదితే నువ్వా? నువ్వు కదిలితే నేనా?"

"అదే కదా! మరి ముందెవరు?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వదిన సంచీలోంచి ఈల తీసింది. రెండ్రోజులుగా మెడలో వేసుకోలేదు కాబోలు, తాడు చిక్కుపడి ఉంది.

"దిగు. ఇక్కడే తేల్చుకుందాం."

ఆ సందు చివర, మూసిన దర్జీ కొట్టు ముందు, ఇద్దరు డ్రిల్లు టీచర్లు బడికి వెళ్ళకుండా ఎదురెదురుగా నిలబడ్డారు. వదిన ఈల పెదాల మధ్య పెట్టుకుంది. మరదలు కాళ్ళు దగ్గరికి చేర్చి, చేతులు కిందికి వదిలి, సిద్ధంగా నిలబడింది. వదిన మరదలి భుజం వైపు చూస్తోంది. మరదలు ఈల కోసం చెవులు రిక్కించి ఉంది.

ఏమీ జరగలేదు.

ఇంకాసేపు చూశారు. ఏమీ జరగలేదు.

మేడ మీంచి దుప్పటి పక్కకి తొలిగింది. ఒకావిడ తొంగిచూసి, "ఎవరి కోసమండీ?" అని అడిగింది.

"మాకే తెలీదండీ," అంది వదిన ఈల తీసి.

మరదలికి నవ్వాగలేదు. వదినకీ ఆగలేదు. బండి సీటు పట్టుకుని కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. మేడ మీదావిడ పిచ్చివాళ్ళనుకుందో ఏమో, దుప్పటి మళ్ళీ లాగేసుకుంది.

నవ్వు అయిపోయింది.

"ఇవాళ సాయంత్రం డ్రిల్లు నేనొక్కదాన్నే చేయించాలట," అంది వదిన ఈల తాడు చిక్కు తీస్తూ. "బడి మొత్తాన్నీ. హెడ్మాస్టారు చూస్తారట."

"చేయించలేరా?"

"ఇప్పుడు చూశావు కదా."

"ఆయనతో చెప్పేద్దాం వదినా. మేమిద్దరం ఉంటేనే అవుతుందని."

"చెబితే ఏమంటారు? రెండు జీతాలిచ్చి ఇద్దరు సగం టీచర్లని పెట్టుకున్నామా అంటారు. ఇద్దరికీ మైదానం పోతుంది."

మరదలికి చల్లారిందనుకున్న కోపం మళ్ళీ ఎక్కణ్ణించో తన్నుకొచ్చింది. న్యాయంగా నీదే అని ఈల ఇచ్చిందట. ఇచ్చే ముందు ఒక్క మాట అంటే ఏం పోయేది?

"మీకు ఒక్కరే నిలబడాలంటే అంత భయం కదా. మరి నన్నెలా నిలబెట్టారు? అంతమందిలో?"

వదిన తల దించుకుంది. "నీకు భయం ఉండదనుకున్నాను."

"ఎందుకనుకున్నారు?"

"నాకు కనబడేదల్లా నీ భుజం ఒక్కటే కదే. అది ఎప్పుడూ వణకలేదు."

ఆ మాటకి మరదలి కోపం సగం చచ్చిపోయింది. మిగతా సగంతో ఏం చెయ్యాలో తెలియక, "పదండి, ఆలస్యమైంది," అంది. బండి ఎక్కాక, వదిన వెనక్కి తిరగకుండానే అంది: "సాయంత్రం నాకు కనబడేట్టు ఎక్కడైనా నిలబడతావా?"

"చూద్దాం," అంది మరదలు. రానని అనలేదు, వస్తాననీ అనలేదు. కూడలిలో ఈసారి చెయ్యి చాపలేదు. వదిన చాలాసేపు ఆగి, అటూ ఇటూ చూసి, ఎలాగో తిప్పుకుంది.

*

సాయంత్రం వరండాలో హెడ్మాస్టారు మరదలి చేతిలో గ్రంథాలయం తాళంచెవి పెట్టారు.

"ఆలోచించుకున్నారా?"

"డ్రిల్లయ్యాక చెబుతానండీ," అంది అద్దం మేడమ్. తాళంచెవి మాత్రం తీసుకుంది. ఇస్తుంటే తీసుకోకుండా ఎలా ఉంటుంది?

మైదానంలో పిల్లలు బారులు తీరారు. సాయంత్రపు ఎండ మైదానమంతా పరుచుకుని ఉంది. వరండా మాత్రం చల్లగా, నీడగా ఉంది. సిమెంటు దిమ్మె మీద వదిన ఒక్కతే. పక్కన ఎప్పుడూ మరదలు నిలబడే చోటు ఖాళీ.

వదిన ఈల నోట్లో పెట్టుకుంది.

ఊదలేదు.

ముందువరుసలో ఒక పిల్ల పక్కపిల్ల వైపు చూసింది. వెనకవరుసల్లో కిచకిచలు మొదలయ్యాయి. వదిన చూపు వరండా ఈ చివర్నించి ఆ చివరిదాకా తిరిగింది. మళ్ళీ ఆ చివర్నించి ఈ చివరికి వచ్చి, మరదలికి తను నిలబడ్డ వైపే ఆగిందనిపించింది.

"ఏమిటాలస్యం?" అన్నారు హెడ్మాస్టారు.

అద్దం మేడమ్ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. కదలకు, అని భుజానికి చెప్పుకుంది. నువ్వు కదలకపోతే చాలు. ఆవిడ ఊదలేదు. ఆయన చూస్తారు. మైదానం నీకొస్తుంది. నువ్వేమీ చెయ్యనక్కర్లేదు, ఊరికే నిలబడు. నిన్ను నలుగురిలో వదిలేసి వెళ్ళి కూర్చున్నప్పుడు ఆవిడా ఊరికే కదా కూర్చుంది?

ఈ ఆలోచన తనదేనా అనుకుంది. తనదే. ఇంకెవరిది?

కిచకిచలు నవ్వులయ్యాయి. ఎండలో వదిన చెంపలు ఎర్రబడ్డాయి. ఈల పట్టుకున్న చెయ్యి చిన్నగా వణుకుతోంది. ఇంత దూరానికి కనబడుతోందంటే ఎంత వణుకుతోందో. అది చూసి అద్దం మేడమ్ తట్టుకోలేకపోయింది. కోపమూ లేదు, మైదానమూ లేదు, ఆ వణుకు ఆగితే చాలు.

భుజం కదిలింది. ఈల మోగింది.

మైదానమంతా ఒక్కసారి చేతులెత్తింది. వదిన గొంతు ఖణేల్మంది. "కుడి! ఎడమ! ముందుకు! వెనక్కి!" వరండా స్తంభం పక్కన అద్దం మేడమ్ ఒళ్ళు దానంతటదే కదిలిపోయింది. తాళంచెవి ఉన్న చెయ్యీ లేచింది, లేని చెయ్యీ లేచింది. ఒక్క పిల్ల తప్పలేదు. ఒక్క వరుస చెదరలేదు. "ఆగండి!" అని వదిన అనగానే, అంత మైదానమూ ఒక్క ఊపిరి వదిలింది.

అద్దం మేడమ్ కళ్ళు తుడుచుకుంటూ పక్కకి తిరిగింది. హెడ్మాస్టారు మైదానం వైపు చూడటం లేదు. ఆవిడ వైపే చూస్తున్నారు.

"ఇదన్నమాట సంగతి," అన్నారు.

"ఏంటండీ?"

"నేను డ్రిల్లు చూడలేదమ్మా. మిమ్మల్నే చూశాను. ప్రతిసారీ ముందు మీ భుజం, తర్వాతే ఈల. మీరు కదలకపోతే ఆవిడ మొదలే పెట్టలేకపోయారు."

"అయ్యో, అది కాదండీ. ఆవిడ ఊదితేనే నేను..."

"వెనకేసుకు రావద్దు. మొన్న మీరు తడబడ్డారంటే, కొత్తగా ఈల చేతికొచ్చింది కనక. అది నేర్చుకోవచ్చు. ఇలా ముందుండి నడిపించడం మాత్రం ఎవరు నేర్పుతారు?" ఆయన చెయ్యి చాపారు. "తాళంచెవి ఇలా ఇవ్వండి. మైదానం మీరే చూసుకోండి. ఇది మీ వదినగారికి నేనే ఇస్తాను. నా గదిలో ఉంటాను, ఓసారి రమ్మనండి."

తాళంచెవి ఎప్పుడిచ్చేసిందో ఆమెకే తెలీదు. చెయ్యి తేలికైపోయింది. లోపల ఎక్కడో సంతోషం పొంగింది. నిజంగానే పొంగింది. దానికి ఆమెకే సిగ్గేసింది. వదినకి ఏమని చెప్పడం? మీకోసం చెయ్యెత్తాను, దాంతోనే మీ మైదానం పోయింది అనా?

హెడ్మాస్టారు వెనుదిరిగి వరండా వెంట నడిచారు. అటు ఆయన వెళుతుంటే ఇటు వదిన మెట్లెక్కుతూ వచ్చింది. ముఖమంతా చెమట, నోరంతా నవ్వు. చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని, అవతలి స్తంభం వైపు తిరిగి పిలిచింది.

"అమ్మాయ్! ఎక్కడే?"

"ఇక్కడ వదినా."

"ఇక్కడున్నావా! ఎండలోంచి చూస్తే వరండా అంతా నల్లగా ఉందే బాబూ. ఈ చివర్నించి ఆ చివరిదాకా వెతికాను. ఒక్క మనిషైనా కనబడితే ఒట్టు. నువ్వు రాలేదేమో అనుకున్నాను. ఇక ఇలా కాదని కళ్ళు మూసుకుని ఊదేశాను! అయిపోయింది! మొత్తం నేనొక్కదాన్నే చేయించాను, చూశావా?"

మరదలు వదిన కళ్ళలోకి చూసింది. వెలుగులోంచి వచ్చిన ఆ కళ్ళు ఇంకా నీడకి అలవాటు పడక చికిలించుకుంటూ ఉన్నాయి. ఆ కళ్ళలో అబద్ధం కనబడలేదు. మరి తన భుజం? అది ఈలకి ముందు కదిలిందా, వెనక కదిలిందా? ఇప్పుడే, ఇక్కడే జరిగింది. ఎంత గుర్తు తెచ్చుకున్నా తేలడం లేదు.

"మాట్లాడవేం? బాలేదా?"

"బాగుంది వదినా. చాలా బాగుంది."

"హమ్మయ్య. గొంతు ఎండిపోయింది. ఇదిగో, ఇది కాస్త పట్టుకో, మంచినీళ్ళు తాగొస్తాను."

మెడలోంచి ఈల తీసి మరదలి అరచేతిలో పెట్టి, వదిన కుళాయి వైపు వెళ్ళింది. ఈల ఇంకా తడిగా, వెచ్చగా ఉంది.

వరండా రెండో చివర హెడ్మాస్టారు తన గది తలుపు తీస్తున్నారు. కళ్ళు మూసుకుని ఊదేశానని వదిన చెప్పిన మాట ఆయన వినలేదు. విన్నది తనొక్కతే. ఆయన ఇంకా పిలిస్తే వినబడే దూరంలోనే ఉన్నారు.